ఏరు దాటకముందే తెప్ప తగలేస్తే: హెడ్‌ఫోన్ జాక్ నేర్పిన పాఠం

పాత ఒక రోత, కొత్త ఒక వింత అన్నారు పెద్దలు. విజ్ఞానశాస్త్ర ఫలితాలను అనుభవించే మన తరానికి ఈ సామెత అనుదినం గుర్తుకు వస్తూనే ఉంటుంది. గ్రామఫోను పోయి క్యాసెట్టు వచ్చింది. క్యాసెట్టు పోయి సీడీ వచ్చింది. సీడీ కూడా మూలపడి, పాటలన్నీ జేబులోని ఫోనులోకి చేరాయి. ఇన్ని మార్పుల నడుమ చెక్కుచెదరక నిలిచిన వస్తువు ఒకటి ఉండేది. పాట పలికించే యంత్రానికీ, వినే చెవికీ మధ్య వంతెనగా పనిచేసిన 3.5 మిల్లీమీటర్ల రంధ్రం అది. దానినే మనం హెడ్‌ఫోన్ జాక్ అంటున్నాం.

2016 సెప్టెంబరు 7న శాన్ ఫ్రాన్సిస్కోలో ఆపిల్ సంస్థ ఐఫోన్ 7ను ప్రదర్శించినప్పుడు ఆ రంధ్రం అందులో లేదు. దానికి బదులుగా ఎయిర్‌పాడ్స్ అనే వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌ను చూపించి, 159 డాలర్ల ధరకు అక్టోబరు చివరలో అమ్మకానికి వస్తాయని ప్రకటించారు. ఫోను సెప్టెంబరు 16నే అంగళ్లకు చేరింది. ఇయర్‌బడ్స్ మాత్రం అక్టోబరులో రాలేదు, నవంబరులోనూ రాలేదు.

ఏరు దాటి తెప్ప తగలేయడం మన సామెతలో కృతఘ్నతకు గుర్తు. ఇక్కడ జరిగింది అంతకన్నా వింత. ఏరు దాటకముందే తెప్పను తగలేశారు. వైర్‌లెస్ పరికరాలు మంచివా, చెడ్డవా అన్నది నా దృష్టిలో అసలు ప్రశ్న కాదు. అవి మంచివే. ఎవరి సొత్తూ కాని ఒక ఉమ్మడి సౌకర్యాన్ని, దాని స్థానంలో రావలసినది సిద్ధం కాకముందే తొలగించే అధికారం ఒక వ్యాపార సంస్థకు మనం ఎంత సులభంగా ఇచ్చేశామన్నదే అసలు ప్రశ్న. ఈ వ్యాసంలో పరిశీలించదలచినది దానినే.

చిన్న రంధ్రం, పెద్ద వంశం

ఈ జాక్ వంశవృక్షం టెలిఫోన్ ఎక్స్ఛేంజి దగ్గర మొదలవుతుంది. 1870ల చివర టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు ఏర్పడినప్పుడు, ఒక చందాదారు తీగను మరొక చందాదారు తీగతో కలపడానికి ఆపరేటర్ల ముందు రంధ్రాల బల్ల ఉండేది. ట్రంక్ కాల్ బుక్ చేసి గంటల తరబడి ఎదురుచూసిన పెద్దవారికి, ఆ ఆపరేటరు చేతిలోని ప్లగ్గే నేటి హెడ్‌ఫోన్ ప్లగ్గుకు పూర్వీకురాలని చెబితే ఆశ్చర్యం కలగవచ్చు. దాని వ్యాసం పావు అంగుళం, అనగా 6.35 మిల్లీమీటర్లు. ఎలక్ట్రిక్ గిటారుకు నేటికీ ఆ కొలత ప్లగ్గే వాడుతున్నారు. ట్రాన్సిస్టర్ రేడియోల కాలంలో దాని కొలత తగ్గి 3.5 మిల్లీమీటర్ల రూపం వచ్చింది. 1979 జులై 1న జపానులో సోనీ వాక్‌మన్ విడుదలయ్యాక అది ఇంటింటి వస్తువయింది. ఆ మొదటి వాక్‌మన్‌కు ఇద్దరు కలిసి వినడానికి వీలుగా రెండు జాక్‌లు ఉండడం గమనార్హం.

ప్లగ్గు నిర్మాణం ఎంత సరళమో చూడండి. కొన భాగం ఎడమ చెవికి, దాని వెనుక ఉంగరం కుడి చెవికి, మొదలు భాగం ఇద్దరికీ ఉమ్మడి భూమికి. మాట్లాడే సౌకర్యం కావాలంటే మరొక ఉంగరం. ఇందులో బ్యాటరీ లేదు, సాఫ్ట్‌వేర్ లేదు, జత కలిపే తంతు లేదు. ఫోనులోని చిన్న చిప్ అంకెల రూపంలోని సంగీతాన్ని విద్యుత్ తరంగంగా మారుస్తుంది. ఆ తరంగం తీగ వెంట పోయి చెవి దగ్గరి పలుచని పొరను కంపింపజేస్తుంది. అంతే.

ఈ సరళత వెనుక ఒక సామాజిక గుణం కూడా ఉన్నది. ఈ జాక్‌కు హెడ్‌ఫోన్ తయారు చేయదలచిన వాడు ఎవరి అనుమతీ తీసుకోనక్కరలేదు, ఎవరికీ రుసుము చెల్లించనక్కరలేదు. కోఠీ సందులోని దుకాణంలో కొన్న చవక ఇయర్‌ఫోనూ, వందల డాలర్ల స్టూడియో హెడ్‌ఫోనూ ఒకే రంధ్రంలో ఇమిడేవి. అది ఊరి ఉమ్మడి బావి వంటిది. ఎవరి చేదతోనైనా నీళ్లు తోడుకోవచ్చు.

ఆ మూడు నెలలు

జాక్ తొలగింపు వార్త ముందే పొక్కింది. 2016 ఆరంభంలోనే ఆపిల్‌ను ఉద్దేశించి ఇంటర్నెట్‌లో ఒక విజ్ఞాపన మొదలై, మూడు లక్షలకు పైగా సంతకాలు సంపాదించింది. ఆ సంస్థ స్థాపకులలో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ సైతం ఈ మార్పు అనేకులకు కోపం తెప్పిస్తుందని 2016 ఆగస్టులో ఒక ఆస్ట్రేలియా పత్రికతో అన్నారు. అయినా నిర్ణయం మారలేదు. ఆవిష్కరణ వేదిక మీద ఫిల్ షిల్లర్ ఈ నిర్ణయాన్ని ‘ధైర్యం’ అని వర్ణించడంతో పుండు మీద కారం చల్లినట్లయింది.

వినియోగదారుల అభిప్రాయాలు ప్రధానంగా మూడు పాయలుగా చీలాయి. తీగ చిక్కులతో విసిగిపోయినవారు సంతోషించారు. వ్యాయామం చేసేవారికి, వంటింట్లో రెండు చేతులా పనిలో ఉన్నవారికి, వైర్‌లెస్ ఒక వరం. రెండవ వర్గం, అప్పటికే మంచి హెడ్‌ఫోన్లు కొనుక్కున్నవారు. తమ వస్తువు పాడు కాకుండానే పనికిరానిదైపోయిందని వారు బాధపడ్డారు. మూడవ వర్గం వైర్‌లెస్‌కు వ్యతిరేకులు కారు, కానీ లెక్కలు అడిగారు. తీగ ఇయర్‌ఫోన్ విడిగా కొంటే 29 డాలర్లు, కొత్తది 159 డాలర్లు. ఒక చెవిది పోతే ఏమిటి? అర గ్రాము తీగ కూడా లేని వస్తువు రైల్లో జారిపడితే ఎక్కడ వెతకాలి? పోగొట్టుకున్న ఒక్కో ఇయర్‌బడ్‌కు 69 డాలర్లు చెల్లించాలని తరువాత తేలింది. అంటే ఒక్క చెవిది పారేసుకుంటే, ఆ డబ్బుతో తీగ ఇయర్‌ఫోన్లు రెండు జతలు కొనుక్కోవచ్చు.

అక్టోబరు 26న ఆపిల్ తమకు మరికొంత సమయం కావాలని ప్రకటించింది. డిసెంబరు 13న ఆర్డర్లు స్వీకరించడం మొదలుపెట్టగా, స్వల్పకాలంలోనే నిరీక్షణ కొన్ని వారాలకు పెరిగింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఆ శరత్కాలంలో అక్షరాలా నిజమయింది. ఈ మధ్యకాలంలో కొనుగోలుదారుకు మిగిలినవి రెండే: పెట్టెలో ఇచ్చిన లైట్నింగ్ ఇయర్‌ఫోన్, పాత హెడ్‌ఫోన్ తగిలించుకోవడానికి ఒక అడాప్టరు. విడిగా కొంటే దాని ధర 9 డాలర్లు. ఇయర్‌ఫోన్ పెట్టుకొని వింటూ, అదే సమయంలో ఫోను ఛార్జి చేసుకోవాలంటే ఉన్న ఒకే రంధ్రం చాలదు. ఈ ఇబ్బంది పదేళ్ల పిల్లవాడికైనా అర్థమవుతుంది.

ఆలస్యానికి కారణం మన తలకాయే

ఆలస్యానికి సాంకేతిక కారణమేమిటో ఆపిల్ బహిరంగంగా చెప్పలేదు. రెండు చెవులకూ ధ్వని ఒకే క్షణంలో చేరేలా చూడడంలో చిక్కు వచ్చిందని 2016 డిసెంబరులో వాల్ స్ట్రీట్ జర్నల్ వ్రాసింది. ఈ సమస్య ఎంత జటిలమో తెలిస్తే, ఆ ఇంజినీర్ల మీద కోపం కొంత తగ్గుతుంది.

బ్లూటూత్ సంకేతాలు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో ప్రసారమవుతాయి. మైక్రోవేవ్ అవెన్ పనిచేసేది కూడా ఆ ప్రాంతంలోనే. నీరు ఈ తరంగాలను బాగా పీల్చుకుంటుంది. మన తలలో అధికభాగం నీరే. కనుక కుడి చెవిలోని పరికరం నుండి ఎడమ చెవిలోని పరికరానికి సంకేతం నేరుగా తల గుండా పోవడం దుస్సాధ్యం. అప్పటి వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌లో సాధారణంగా ఒకటి ఫోనునుండి సంకేతం అందుకొని రెండవదానికి అందించేది. కొందరు తయారీదారులు ఆ అందింపుకు రేడియో తరంగాలకు బదులు అయస్కాంత ప్రేరణను ఆశ్రయించారు. ఆపిల్ ఎంచుకున్న మార్గం వేరు. డబ్ల్యు1 అనే కొత్త చిప్ సాయంతో రెండు ఇయర్‌బడ్స్ దేనికదే ఫోనునుండి సంకేతం అందుకునేలా చేశారు.

ఇందులో చిక్కేమిటి? మన మెదడు శబ్దం ఏ దిక్కునుండి వచ్చిందో తెలుసుకోవడానికి, అది రెండు చెవులకు చేరిన సమయాల మధ్య తేడాను లెక్కిస్తుంది. పూర్తిగా ఒక పక్కనుండి వచ్చిన శబ్దానికి కూడా ఆ తేడా మిల్లీ సెకనులో మూడింట రెండు వంతులు మాత్రమే. అంతకన్నా ఎంతో చిన్న తేడాలను కూడా చెవి పసిగడుతుంది. రెండు ఇయర్‌బడ్స్ గడియారాలు మిల్లీ సెకనులో చిన్న భాగమంత తప్పినా, గాయని గొంతు తల మధ్యనుండి ఒక పక్కకు జరిగిపోయినట్లు వినిపిస్తుంది. రెండు వేర్వేరు బ్యాటరీలతో, రెండు వేర్వేరు రేడియోలతో నడిచే యంత్రాలను అంత ఖచ్చితంగా కలిపి నడపడం సామాన్యమైన పని కాదు. అదే తీగలో అయితే ఒకే ప్లగ్గునుండి రెండు శాఖలు చీలుతాయి. విద్యుత్తు రెంటిలోనూ ఏకకాలంలో పరుగెడుతుంది. సమస్యే పుట్టదు.

కాబట్టి ఆలస్యాన్ని నేను తప్పుపట్టను. సగం ఉడికిన అన్నం వడ్డించడం కన్నా అతిథిని కాసేపు కూర్చోబెట్టడం మేలు. కానీ కొత్త అన్నం ఉడకకముందే పాత వంటను పారబోయడాన్ని మాత్రం ఏ ఇల్లాలూ హర్షించదు.

కంపెనీ వాదనలో బలాబలాలు

జాక్ తీసివేతకు చెప్పిన కారణాలలో బలమైనవి లేకపోలేదు. ఫోను లోపల ప్రతి మిల్లీమీటరూ విలువైనది. ఐఫోన్ 7లో బ్యాటరీ మునుపటి నమూనా కన్నా పెద్దది: 1715 నుండి 1960 మిల్లీ ఆంపియర్ గంటలకు పెరిగింది. స్పర్శానుభూతి కలిగించే యంత్రమూ పెరిగింది. ఇవి నిజమైన లాభాలే.

నీరు చొరకుండా ఉండేందుకు జాక్ తీయవలసిందే అన్న వాదన మాత్రం నిలవదు. అదే సంవత్సరం ఆరంభంలో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్7కు జాక్ ఉన్నది, నీటిని తట్టుకునే గుణమూ ఉన్నది. పైగా 2017లో ఒక అమెరికా ఇంజినీరు చైనాలోని షెన్‌జెన్ నగరంలో విడిభాగాలు కొని, కొన్ని నెలల శ్రమతో తన ఐఫోన్ 7లో జాక్‌ను అమర్చి చూపించాడు. అన్నిటికన్నా ముచ్చటైన విషయం మరొకటి. 2021 అక్టోబరులో ఆపిల్ విడుదల చేసిన మాక్‌బుక్ ప్రో ల్యాప్‌టాప్‌లలో హెడ్‌ఫోన్ జాక్ ఉండడమే కాక, సంగీతకారులు వాడే అధిక నిరోధపు హెడ్‌ఫోన్లకు సరిపోయేలా దానిని మెరుగుపరచారు. అనగా ఆ జాక్ పాతబడినదని ఆ సంస్థే పూర్తిగా నమ్మలేదన్నమాట.

పోటీదారుల ప్రవర్తన మరింత వినోదకరం. 2016లో గూగుల్ తన పిక్సెల్ ఫోను ప్రకటనలో జాక్ ఉందని చాటుకున్నది, మరుసటి సంవత్సరం పిక్సెల్ 2లో దానిని తీసివేసింది. 2017లో ఆపిల్‌ను ఎగతాళి చేస్తూ ప్రకటన వేసిన శామ్‌సంగ్, 2019 ఆగస్టులో గెలాక్సీ నోట్ 10లో తానూ తీసివేసింది. 2018లో ఆపిల్ కొత్త ఫోన్ల పెట్టెలో అడాప్టరు ఇవ్వడం మానుకున్నది. 2020లో తీగ ఇయర్‌ఫోన్లనూ మానుకున్నది. ఎగతాళి చేసినవారంతా వరుసగా అదే బాట పట్టడంలో వినియోగదారుడి కోరిక ఎంత, ఇయర్‌బడ్స్ అమ్మకాల మీద ఆశ ఎంత అన్నది పాఠకులే ఊహించగలరు.

1998లో ఐమాక్ కంప్యూటరులో ఫ్లాపీ డ్రైవ్ తీసివేసినప్పుడు కూడా ఇలాగే గోల చేశారు కదా అని కొందరు అంటారు. ఈ పోలిక సరికాదు. ఫ్లాపీ కన్నా ఎన్నో రెట్లు సమాచారం పట్టే సీడీ అప్పటికే ఇళ్లలో ఉన్నది. ఫ్లాపీ చేసే పనులన్నిటినీ కొద్దికాలంలోనే ఇతర సాధనాలు అంతకన్నా బాగా, అంతకన్నా చవకగా చేశాయి. జాక్ చేసే పనులన్నిటినీ బ్లూటూత్ అలా చేయగలిగిందా? ఇద్దరు కలిసి వినడమన్న చిన్న పనినే చూద్దాం. 1979 వాక్‌మన్‌లో రెండు రంధ్రాలతో సాధ్యమైన ఈ పని, ఐఫోనులో రెండు జతల వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌తో సాధ్యం కావడానికి 2019 వరకు ఆగవలసి వచ్చింది.

తాళం తప్పే చోటు

మన కుటుంబాలకు నేరుగా తగిలే సంగతి ఒకటున్నది. న్యూజెర్సీలోనో, సింగపూరులోనో ఉంటూ, హైదరాబాదులోనో, చెన్నైలోనో ఉన్న గురువుగారి దగ్గర ఇంటర్నెట్ ద్వారా కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు మన ఇళ్లలో ఎందరో. వారి చెవుల్లో ఉండవలసినది ఏది?

సీడీ నాణ్యత గల సంగీతానికి సెకనుకు సుమారు 1411 కిలోబిట్ల సమాచారం కావాలి. బ్లూటూత్‌లో సాధారణంగా వాడే ఎస్‌బీసీ పద్ధతిలో ఇది సుమారు 328 కిలోబిట్లు, లేదా అంతకు తక్కువకు కుదించబడుతుంది. కుదించడానికి, పంపడానికి, దారిలో పోయిన ముక్కలను మళ్లీ పంపడానికి, తిరిగి విప్పడానికి సమయం పడుతుంది. అందుకే చాలా పరికరాలలో ధ్వని 150 నుండి 250 మిల్లీ సెకన్ల దాకా ఆలస్యంగా చెవి చేరుతుంది. సినిమా చూస్తున్నప్పుడు ఈ సంగతి తెలియదు, ఫోను బొమ్మను కూడా అంతే ఆలస్యం చేసి సరిపెడుతుంది. కానీ కీబోర్డు మీద మీట నొక్కిన పిల్లవాడి వేలిని ఎవరు ఆలస్యం చేయగలరు?

లెక్క వేసి చూద్దాం. ఆది తాళంలో ఒక్కో అక్షరానికి ఒక సెకను అనుకుంటే, మూడవ కాలంలో అక్షరానికి నాలుగు స్వరాలు. అనగా ఒక్కో స్వరానికి 250 మిల్లీ సెకన్లు. బ్లూటూత్ ఆలస్యం 200 మిల్లీ సెకన్లయితే, ‘రి’ మీద వేలు ఉన్న సమయంలో అధికభాగం చెవిలో ‘స’ వినిపిస్తూ ఉంటుంది. మరొక విధంగా చెప్పాలంటే, వాద్యం ఒడిలో ఉన్నా దాని నాదం 68 మీటర్ల దూరంనుండి గాలిలో ప్రయాణించి వచ్చినట్లు ఉంటుంది. నేపథ్య సంగీతం చెవిలో వింటూ పాడి రికార్డు చేసే పిల్లలకూ ఇదే బాధ. గొంతు తాళానికి వెనుకబడినట్లు రికార్డవుతుంది, బిడ్డకు లయజ్ఞానం లేదేమోనని తల్లిదండ్రులు బెంగపడతారు.

ఇంకొక లోపం అంతగా ప్రచారంలో లేదు. చాలాకాలంగా వాడుకలో ఉన్న బ్లూటూత్ పద్ధతిలో ఇయర్‌బడ్ మైకును వాడడం మొదలుపెట్టగానే, పరికరం సంగీతపు స్థాయి విడిచి టెలిఫోన్ సంభాషణ స్థాయికి దిగుతుంది. సెకనుకు 8 వేలు లేదా 16 వేల నమూనాలే తీసుకోవడం వలన 4 లేదా 8 కిలోహెర్ట్జ్ పైబడిన నాదమంతా రాలిపోతుంది. తంబుర ప్రాణమంతా ఆ పై అనుస్వరాలలోనే ఉన్నది. గురువుగారు శృతి శుద్ధంగా లేదంటే, ఆ దోషం బిడ్డది కాకపోవచ్చు, చెవిలోని గుళికది కావచ్చు. 2020 జనవరిలో ప్రకటించిన ఎల్‌ఈ ఆడియో అనే కొత్త పద్ధతి ఈ రెండు లోపాలనూ చాలావరకు తగ్గించగలదు. కానీ ఫోనూ, ఇయర్‌బడ్ రెండూ ఆ పద్ధతిని ఎరిగినవై ఉండాలి. జాక్ తీసివేసిన నాటికి అది ఇంకా పుట్టనేలేదు.

తుపాను రోజున

ఫోనులో ఎఫ్ఎం రేడియో వినాలంటే ఇయర్‌ఫోన్ తీగ తగిలించమని అడగడం భారతదేశంలో ఆండ్రాయిడ్ ఫోన్లు వాడినవారందరికీ అనుభవమే. దానికి కారణం సరళం. ఎఫ్ఎం తరంగం పొడవు సుమారు మూడు మీటర్లు. దానిని పట్టడానికి ముప్పాతిక మీటరు నిడివి గల తీగ ఏరియల్‌గా చక్కగా సరిపోతుంది. ఇయర్‌ఫోన్ తీగ ఆ పని ఉచితంగా చేసిపెట్టేది. తీగ పోయింది, ఏరియల్ పోయింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటుతో పాటు సెల్‌ఫోన్ వ్యవస్థ కూడా కుప్పకూలింది. ఇక్కడనుండి అయినవారి క్షేమం తెలుసుకోలేక మనలో ఎందరు తల్లడిల్లారో గుర్తుండే ఉంటుంది. అటువంటి వేళ దూరంలోని ఒక్క ప్రసార స్తంభం నిలిచి ఉన్నా రేడియో పలుకుతుంది. 2017లో హార్వీ, ఇర్మా, మరియా తుపానుల తరువాత అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ అధ్యక్షుడు అజిత్ పాయ్ ఐఫోన్లలో ఎఫ్ఎంను పనిచేయించమని ఆపిల్‌ను బహిరంగంగా కోరారు. ఐఫోన్ 7, 8లలో ఎఫ్ఎం చిప్‌గానీ, దానికి తగిన ఏరియల్‌గానీ లేవని ఆ సంస్థ సమాధానమిచ్చింది. 2023 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వం కూడా ఫోన్లలో ఎఫ్ఎం సౌకర్యం ఉంచవలసిందిగా తయారీదారులకు సూచించింది. విపత్తులలో సమాచారం అందించడానికి, పేదలకు అందుబాటులో ఉండడానికి అది అవసరమని పేర్కొన్నది. ఈ సమస్యకు జాక్ ఒక్కటే కారణం కాదు. ఐఫోన్లలో జాక్ ఉన్న రోజులలో కూడా రేడియో పలకలేదు. అయినా జాక్‌తో పాటు పోయినవి పాటలు మాత్రమే కావని చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

ఆయువు తీరే వస్తువు

తీగ హెడ్‌ఫోన్‌కు వయసు లేదు. తీగ తెగితే అతికించవచ్చు. ముప్పయ్యేళ్ల నాటిది నేటికీ పాడుతుంది. వైర్‌లెస్ ఇయర్‌బడ్‌లో ఉన్నది లిథియం అయాన్ బ్యాటరీ. మొదటి ఎయిర్‌పాడ్ ఒక్కొక్కదానిలో దాని శక్తి 93 మిల్లీవాట్ గంటలు, ఐఫోన్ 7 బ్యాటరీలో సుమారు ఎనభయ్యో వంతు. ప్రతిసారి ఛార్జి చేసినప్పుడూ లోపలి రసాయనాలు కొంత అరుగుతాయి. బ్యాటరీ ఎంత చిన్నదైతే అంత తరచుగా ఛార్జి చేయాలి, అంత త్వరగా అరుగుతుంది. కొత్తలో ఐదు గంటలు పాడినది రెండు మూడేళ్లలో గంటకే మూగబోతున్నదని వినియోగదారులు మొరపెట్టుకోవడానికి కారణమిదే.

2016 డిసెంబరులో దానిని విప్పి చూసిన ఐఫిక్సిట్ సంస్థ, మరమ్మతు సౌలభ్యానికి పదికి సున్నా మార్కులు వేసింది. విప్పితే పగలాల్సిందే. సొంత ఇల్లు అమ్మి అద్దె ఇంటికి మారినట్లు, ఒకసారి కొని ఏళ్లతరబడి వాడుకునే వస్తువు స్థానంలో మూడేళ్లకొకసారి బాడుగ చెల్లించే వస్తువు వచ్చింది. నలుగురున్న కుటుంబం లెక్క వేసుకుంటే ఈ బాడుగ చిన్నది కాదు.

ఇది ప్రకృతి విధించిన శిక్ష కాదు, తయారీదారుల ఎంపిక. బ్యాటరీలు మార్చుకోగల ఫెయిర్‌బడ్స్‌ను ఫెయిర్‌ఫోన్ సంస్థ 2024లో విడుదల చేసి అది సాధ్యమేనని చూపింది. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీ నిబంధన, కొన్ని మినహాయింపులతో, చిన్న పరికరాల బ్యాటరీని వాడుకదారుడే తీసి మార్చుకోగలగాలని నిర్దేశించింది. ఆ షరతు అమలుకు పెట్టిన తేదీ 2027 ఫిబ్రవరి 18.

తూకం రెండవ వైపు

వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ వలన కలిగిన మేలును దాచడం న్యాయం కాదు. బయటి రొదను తగ్గించే ఇయర్‌బడ్స్ ధ్వనిని పెంచవలసిన అవసరాన్ని తగ్గిస్తాయి. పెద్దలకు వారానికి 80 డెసిబెల్స్ వద్ద 40 గంటలు మించరాదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులో ఉండడానికి అది ఉపకరిస్తుంది. 2024 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ, ఎయిర్‌పాడ్స్ ప్రోను కొద్దిపాటి నుండి మధ్యస్థ స్థాయి వరకు వినికిడి లోపమున్న వయోజనులకు శ్రవణ సాధనంగా పనిచేయించే సాఫ్ట్‌వేర్‌ను అనుమతించింది. చెవి మిషను పెట్టుకుంటే నలుగురూ ముసలివాళ్లంటారని మొరాయించే తండ్రులు, మనవడి చెవిలో ఉన్నదే తమ చెవిలో పెట్టుకోవడానికి ఒప్పుకోవచ్చు. ఇది చిన్న మేలు కాదు.

అయితే ఈ మేలు జాక్ ఉన్నా జరిగేదే. జాక్ ఉన్న ఫోనులోనూ బ్లూటూత్ పనిచేస్తుంది. కొత్తదాని గొప్పతనం కోసం పాతదాన్ని చంపనవసరం లేదు. నిజంగా గొప్పదైతే ప్రజలే మెల్లగా అటు నడుస్తారు. నడిచేదాకా ఆగే ఓపిక లేకపోవడమే ఇక్కడి దోషం.

మనం చేయదగినవి

జరిగినదానిని వెనక్కు తిప్పలేము. అయినా చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. ఇంట్లో ఒక మంచి తీగ హెడ్‌ఫోన్ ఉంచుకోండి. సంగీతపు పాఠానికి, విమానంలోని సీటు తెరకు, బ్యాటరీ చచ్చిన రోజుకు అదే దిక్కు. 2023 సెప్టెంబరులో ఐఫోన్ 15 కూడా యూఎస్‌బీ సీ రంధ్రానికి మారిన తరువాత, ఒకే అడాప్టరు ఇంట్లోని చాలా ఫోన్లకు సరిపోయే వీలు కలిగింది. కానీ కొనేముందు అందులో అంకెలను ధ్వనిగా మార్చే చిప్ ఉన్నదో లేదో అడగండి. అది లేని చవక అడాప్టర్లు అనేక ఫోన్లతో పనిచేయవు. దేశంలోని తల్లిదండ్రులకు ఫోను కొనిపెట్టేటప్పుడు జాక్, ఎఫ్ఎం ఉన్న ఫోన్లనూ పరిశీలించండి. తక్కువ ధర నమూనాలలో అవి దొరుకుతాయి. న్యూయార్క్, మినసోటా, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2022, 2023 సంవత్సరాలలో మరమ్మతు హక్కు చట్టాలు చేశాయి. మీ రాష్ట్రంలో అటువంటి బిల్లు వస్తే ప్రతినిధికి ఒక ఉత్తరం వ్రాయండి. అయితే జిగురుతో మూసిన వస్తువును ఏ చట్టమూ విప్పలేదు. విప్పేలా తయారు చేయమని కోరడమే అసలైన పని.

చివరిగా ఒక మాట. ఈ సంచిక చదివేవారిలో అనేకులు ఇటువంటి వస్తువులను తయారు చేసే సంస్థలలోనే ఇంజినీర్లుగా, మేనేజర్లుగా పనిచేస్తున్నారు. ఒక సౌకర్యాన్ని తొలగించే చర్చ జరిగే గదిలో రేపు మీరూ ఉండవచ్చు. ఆనాడు రెండు ప్రశ్నలు అడగండి. దీని స్థానంలో రావలసినది నేడు సిద్ధంగా ఉన్నదా? అది ఈ పాతది చేసే పనులన్నీ చేస్తుందా? ఏ ఒక్కదానికి జవాబు ‘లేదు’ అయినా, తెప్పకు నిప్పు పెట్టే చేతిని పట్టుకొని ఆపండి. ఆవలి ఒడ్డున ఎదురుచూస్తున్నవారిలో మీ అమ్మానాన్నలు కూడా ఉన్నారు.